మబ్బులో చేతులు

2009 సెప్టెంబర్ 2, బుధవారం. అప్పుడు మేం కొల్లాపూర్‌లో ఉండేవాళ్లం. నాయిన అక్కడ హైస్కూల్లో లెక్కల సారు. నేను తొమ్మిదో తరగతి. తెల్లారినప్పటి నుంచీ ముసురు. మామూలు రోజుల్లో మా డాబా ఎక్కితే దూరంగా నల్లమల గుట్టలు నీలంగా కనబడేవి. ఆ రోజు వీధి చివర చింతచెట్టు కూడా సరిగా కనబడలేదు. టీవీలో ఒకటే వార్త: ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఆచూకీ లేదు.

సాయంత్రందాకా ఇంట్లో ఎవరం టీవీ ముందు నుంచి లేవలేదు. నాయిన మాత్రం ఒకసారి లేచి నా సోషల్ అట్లాసు తెచ్చుకున్నాడు. హైదరాబాదు మీద ఒక చుక్క, చిత్తూరు మీద ఒక చుక్క పెట్టి, స్కేలుతో గీత గీశాడు. అచ్చంపేట, అమ్రాబాద్ మీదుగా పోయి కృష్ణ దాటి నల్లమలలోకి దిగింది ఆ గీత. "మన పక్కపొంటే పోయిండ్రు బిడ్డా" అన్నాడు. "మబ్బులకెందుకు పోయిండ్రు నాయినా, వాళ్లకు మిషన్లు ఉంటయి గదా?" అని అడిగాను. ఆయన కాసేపు గీత వంకే చూసి, "కండ్లకు కనబడనప్పుడు మనిషి దేన్ని నమ్మాల్నో గది పెద్ద లెక్క" అన్నాడు.

ఆ లెక్క గురించే ఈ వ్యాసం.

ఆ రోజు ఉదయం 8:38కి బేగంపేట నుంచి లేచిన బెల్ 430 హెలికాప్టర్ 9:27 ప్రాంతంలో పావురాలగుట్ట మీద కూలిపోయింది. ఆ సంగతి మర్నాడు ఉదయందాకా తెలియలేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి, కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్ భాటియా, కో-పైలట్ ఎం.ఎస్. రెడ్డి, ఐదుగురూ చనిపోయారు. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. బాంబు లేదు, కుట్ర లేదు. దట్టమైన మబ్బులు, బలంగా కిందికి తోసిన గాలి. దానికి ముందు ఆరు నిమిషాలకు పైగా పైలట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి సంబంధించిన ఏదో ఇబ్బందికి ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారని కమిటీ తేల్చింది. ఆ ఆరు నిమిషాల దగ్గరికి మళ్లీ వస్తాను.

* * *

మా చిన్నమ్మ కొడుకు పైలట్. గద్వాలలో పుట్టి, జమ్ములమ్మ జాతరలో బొమ్మ విమానం కొనిస్తే దాన్ని పట్టుకుని పడుకున్నవాడు. ఇప్పుడు ఒక విమానసంస్థలో కో-పైలట్. వాడు ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ చేసి చెప్పిన ఒక సంగతి నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

కంటికి ముందు ఒక తొడుగు పెడతారట. హుడ్ అంటారు. దాంతో కిటికీ కనబడదు, ఎదురుగా ఉన్న మీటర్లు మాత్రమే కనబడతాయి. పక్కన ఇన్‌స్ట్రక్టర్. "కండ్లు మూసుకుని తల దించు" అని ఆయన విమానాన్ని అటూ ఇటూ తిప్పుతాడు. తర్వాత "ఇప్పుడు సరిచెయ్యి" అంటాడు.

"నేను సీదాగ పోతున్న అన్నా. ఒట్టు. తల్లి మీద ఒట్టేసి చెప్తా, సీదాగనే పోతున్న అనిపిస్తుంది. మీటర్ చూస్తే విమానం ఎడమకు ఒరిగి కిందికి పోతున్నది. మీటరే తప్పు అనిపిస్తది. అనిపించుడు కాదు, కోపమొస్తది దాని మీద."

దీనికి కారణం చెవిలో ఉంది. లోపలి చెవిలో అర్ధచంద్రాకారంలో మూడు గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం వెనకబడుతుంది, ఆ తేడాని బట్టి 'తిరుగుతున్నాను' అని మెదడు తెలుసుకుంటుంది. కానీ తిరగడం బాగా నెమ్మదిగా మొదలైతే గొట్టాలకు పట్టు దొరకదు. ఒకే తీరున పది ఇరవై సెకన్లు తిరిగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది, తిరుగుతున్న భావన ఆగిపోతుంది. అప్పుడు పైలట్ విమానాన్ని నిజంగానే సమంగా చేస్తే, శరీరానికి అవతలి వైపుకి ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. మళ్లీ ఇవతలికి తిప్పుతాడు. విమానం చుట్లు తిరుగుతూ దిగుతుంది. లోపలి మనిషికి మాత్రం నిటారుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఇంగ్లీషులో దానికి శ్మశానం పేరు పెట్టారు.

నేల మీద ఈ గొట్టాలు చేసే మోసం మనకు తెలియదు. ఎందుకంటే కళ్లు క్షణక్షణం వాటిని సరిదిద్దుతుంటాయి. మబ్బులోకి వెళ్తే ఆ సరిదిద్దేవాడు లేడు. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు. మీటర్లు చూసి నడపడం రాని 20 మందిని, మబ్బులో ఉన్నట్టు కిటికీలు మూసి, విమానం ఎంతసేపు అదుపులో ఉంచగలరో చూశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

అందుకే విమానయానంలో రెండు రకాల నియమాలున్నాయి. బయటికి చూసి నడిపేవి ఒకటి, మీటర్లు చూసి నడిపేవి ఇంకొకటి. రెండోదాన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్ అంటారు, పొట్టిగా ఐఎఫ్ఆర్. మన దేశంలో ఆ రేటింగ్ తీసుకోవాలంటే 40 గంటలు మీటర్ల మీదే నడిపిన అనుభవం చూపించాలి, అందులో సగానికి మించి సిమ్యులేటర్లో ఉండకూడదు. పరీక్ష ఒకసారి పాసైతే సరిపోదు, మళ్లీ మళ్లీ రుజువు చేసుకోవాలి. ఇదంతా మీటర్లు చదవడం నేర్పడానికి అనుకునేవాణ్ని. కాదట. మీటరు చదవడం రెండు రోజుల్లో వస్తుంది. శరీరం అరుస్తుండగా దాన్ని చదవడానికే మిగతా గంటలన్నీ.

* * *

మన వేదాంతంలో తాడుని చూసి పామనుకోవడం ప్రసిద్ధమైన ఉదాహరణ. దీపం తెస్తే తాడని తెలుస్తుంది, తెలిసిన క్షణంలో పాము మాయమవుతుంది. కానీ ఆ శాస్త్రాల్లోనే ఇంకో రకం భ్రమ గురించి కూడా చెప్పారు. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనబడుతుంది. అది ఎరుపు కాదని నీకు తెలుసు. అయినా ఎర్రగానే కనబడుతుంది. పువ్వు అక్కడున్నంతసేపూ నీ జ్ఞానం నీ కంటిని మార్చలేదు. మొదటిది నిరుపాధిక భ్రమ, రెండోది సోపాధిక భ్రమ.

మబ్బులో పైలట్‌ది రెండో రకం. మీటరు చూశాక కూడా శరీరం ఒప్పుకోదు. నిజం తెలియగానే మనశ్శాంతి దొరుకుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ దొరకదు. నిజం ఒకవైపు, అనుభూతి ఇంకోవైపు, రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే కూర్చుంటాయి. అప్పుడు ఏం చేయాలన్నది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న కాదు, నడవడికకు సంబంధించినది.

తమ్ముడి ఇన్‌స్ట్రక్టర్ వాడికి చెప్పింది వాడి మాటల్లోనే: "బాడీ చెప్పేది వినొద్దని కాదన్నా. అది చెప్తనే ఉంటది, చెప్పనియ్యి. చేతులు మాత్రం దానికియ్యకు."

మా తరం పెరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట మీద. నీ మనసు చెప్పింది విను. సినిమాలో హీరో వింటాడు, గెలుస్తాడు. స్టార్టప్ పెట్టినవాడి ఇంటర్వ్యూలో కూడా అదే. చదువు, పెళ్లి, ఉద్యోగం, అన్నీ ఊరో కులమో ఇంట్లో పెద్దలో తేల్చే చోట ఆ మాట నిజంగానే విడుదల. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మనసుకి మందారం పువ్వు అంటుకుని ఉన్నప్పుడు ఏం చేయాలో ఆ మాట చెప్పదు. ఇష్టం, భయం, అలసట, ఆశ ఇవన్నీ పువ్వులే. అవి పక్కన ఉన్నప్పుడు మనసు అబద్ధం చెప్పాలని చెప్పదు. నిజాయితీగానే తప్పు చెబుతుంది.

* * *

ఇక్కడ మీరు అడ్డు తగలాలి. మీటర్లని నమ్మమనడం అంటే ఎవరో తయారుచేసిన యంత్రానికి లొంగిపొమ్మనడం కాదా?

అడగాల్సిన ప్రశ్నే. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. విమానం ముక్కు ఎంత పైకెత్తి ఉందో చెప్పే ఒకే ఒక్క సెన్సార్ తప్పు చెప్పడం, దాన్ని నమ్మిన సాఫ్ట్‌వేర్ ముక్కుని మళ్లీ మళ్లీ కిందికి తోయడం, రెండుసార్లూ జరిగింది. అక్కడ పైలట్ల చేతులు నిజానికి దగ్గరగా ఉన్నాయి, మిషన్ దూరంగా ఉంది.

మన దగ్గరే చూడండి. కూలి పనితో వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలామె రేషన్ షాపులో నిలబడుతుంది. వేలు పెడుతుంది, మిషన్ ఎర్రలైటు చూపిస్తుంది. ఊరంతా ఆమెను అరవై ఏళ్లుగా ఎరుగు. కానీ ఆ క్షణంలో ఊరి మాటకి విలువ లేదు, మిషన్ మాటకే విలువ. 'యంత్రాన్ని నమ్ము' అనే సలహా ఆమెకి చెప్పి చూడండి.

అయితే ఈ రెండూ ఐఎఫ్ఆర్‌కి ఉదాహరణలు కావు, దానికి విరుద్ధమైనవి. ఐఎఫ్ఆర్ నేర్పే మొదటి సంగతే ఒక్క మీటరుని నమ్మొద్దని. ఎదురుగా ఆరు ఉంటాయి. నీలం-గోధుమ రంగుల్లో ఆకాశం, నేల గీత చూపించేది, వేగం, ఎత్తు, దిక్కు, ఎంత వేగంగా ఎక్కుతున్నామో దిగుతున్నామో, ఎంత తిరుగుతున్నామో. కన్ను వీటి మీద ఆగకుండా తిరుగుతుండాలి. ముక్కు కిందికి ఉందని ఒకటి చెబితే, వేగం పెరగాలి, ఎత్తు తగ్గాలి. అవి పెరగకపోతే, తగ్గకపోతే మొదటిదాన్ని అనుమానించు. దాన్ని కాగితంతో మూసేసి మిగిలిన వాటితో నడపడం కూడా ట్రైనింగ్‌లో భాగమే. ఈ చూపులో జరిగే తప్పులు మూడని పుస్తకాలు చెబుతాయి. ఒకదాన్నే గుడ్లప్పగించి చూడటం. ఒకదాన్ని పూర్తిగా మర్చిపోవడం. ఇష్టమైన ఒకదానికి మిగతావాటి కన్నా ఎక్కువ విలువివ్వడం. నాకు తెలిసిన చాలా వాదనలు, కొన్ని పెళ్లిళ్లు, ఒకటి రెండు ఉద్యమాలు ఈ మూడింటిలో ఏదో ఒకదాంతోనే చెడ్డాయి.

ఇంకో సంగతి. ఆ నమ్మకం మబ్బులో మొదలవదు. విమానం నేల మీద ఉండగానే, రన్‌వే ఎత్తు ఎంతో తెలిసిన చోట, ఎత్తు మీటరు ఆ అంకె చూపిస్తుందా లేదా అని సరిచూస్తారు. వెలుతురులో పరీక్షించి, చీకట్లో వాడుకుంటారు. గుడ్డి నమ్మకానికీ దీనికీ తేడా అదే. 1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గర జిమ్మీ డూలిటిల్ విమానం కాక్‌పిట్ మీద గుడ్డ కప్పుకుని, బయటికి చూడకుండా లేచి, తిరిగి, దిగాడు. పావుగంట. ముందు సీట్లో, కళ్లు తెరుచుకుని ఇంకో పైలట్ కూర్చున్నాడు, అవసరమైతే అందుకోవడానికి. ఆ రెండో మనిషిని కథల్లో మర్చిపోతాం. రేషన్ షాపు మిషన్ పక్కన ఆ రెండో మనిషి లేడు. అక్కడి అన్యాయం యంత్రం ఉండటంలో లేదు, దాన్ని సరిచూసే హక్కు ఎవరికీ లేకపోవడంలో ఉంది.

నియమాల పుస్తకం కూడా అంతే. నల్లమల మీద ఆ ఆరు నిమిషాలు పైలట్లు నిర్లక్ష్యంగా లేరు. వాళ్లు పుస్తకమే చదువుతున్నారు. కానీ కళ్లు పుస్తకంలో ఉన్నప్పుడు మబ్బు చుట్టుకుంది. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర కూడా ఇలాగే జరిగింది. ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం దిగిందని చూపించే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో వాళ్లంతా బల్బు సంగతి చూస్తుండగా విమానం మెల్లమెల్లగా దిగి చిత్తడినేలలో కూలింది. 101 మంది పోయారు. బల్బు మాడిపోయింది, అంతే. పైలట్లకి అందుకే ఒక వరుస నేర్పుతారు: ముందు ఎగురు, తర్వాత దారి చూడు, ఆ తర్వాత మాట్లాడు. మిగతా పుస్తకమంతా దాని తర్వాతే.

* * *

ఇప్పుడు నా సంగతి. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

2021 మే. నాయిన రిటైరై వనపర్తిలో ఇల్లు కట్టుకున్నాడు. నేను వర్క్ ఫ్రం హోమ్ పేరుతో అక్కడే ఉన్నాను. అప్పుడే రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సుల్ని ఆపుతున్నారని వార్తలు. బెడ్లు లేవని, ఆక్సిజన్ లేదని వాట్సాప్ నిండా మెసేజీలు. నాయినకి జ్వరం వచ్చి ఏడో రోజు. టెస్ట్ పాజిటివ్. ఇంట్లో ఒక ఆక్సీమీటర్ ఉంది. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పోవాలని ఇచ్చిన కాగితంలోనే రాసి ఉంది. దాన్ని నేనే గోడకి అంటించాను.

ఆ సాయంత్రం 93. రాత్రి తొమ్మిదికి 86.

నాయిన మంచంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయాసం లేదు. మాట తడబడటం లేదు. "నాకేమైతలేదు బిడ్డా, జర అలసట. పొద్దుగాలకు తక్కువైతది" అన్నాడు. పైగా "మిషన్‌కే జరమొచ్చినట్టుంది" అని నవ్వాడు. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా మనిషికి ఏమీ అనిపించకపోవడం ఈ జబ్బులో ఉందని నేను చదివాను. చదివి, షేర్ కూడా చేశాను. అది నాకు తెలుసు. కానీ ఎదురుగా నాయిన నవ్వుతున్నాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అప్పుడు ఫ్లైట్లు లేక హైదరాబాద్‌లో ఖాళీగా ఉన్నాడు. అంకె చెప్పగానే వాడు "ముందు నీ వేలుకు పెట్టి చూడన్నా" అన్నాడు. పెట్టాను. 98. "అమ్మకు?" 97. మళ్లీ నాయినకి, వేలు రుద్ది, వేరే వేలుకి. 85. "అయితే మిషన్ మంచిగనే ఉంది అన్నా. పెద్దనాయినను తీస్కపొండి. ఇప్పుడే."

నేనన్న మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది. "చేతులు చల్లగున్నయి రా. పొద్దున చూద్దాం."

తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ లేపింది. 71. మహబూబ్‌నగర్ తీసుకుపోయాం. ఐదో రోజు నాయిన పోయాడు.

ఆ రాత్రి బయల్దేరి ఉంటే బతికేవాడా? ఆ రోజుల్లో తొందరగా పోయినవాళ్లూ చనిపోయారు, ఆలస్యంగా పోయినవాళ్లూ బతికొచ్చారు. ఈ ప్రశ్నకి జవాబు లేదని నాకు చాలామంది చెప్పారు, ప్రేమతోనే చెప్పారు. కానీ నన్ను తినే ప్రశ్న అది కాదు. నాయిన ఏమయ్యేవాడన్నది కాదు, నేను ఆ రాత్రి ఏం చేశానన్నది.

నాకు సమాచారం కొరత లేదు. కాగితం గోడ మీద ఉంది. అంకె కళ్ల ముందు ఉంది. సరిచూసుకోవడం కూడా అయింది, మూడు వేళ్ల మీద. అయినా నేను మీటరుని అనుమానించాను. చాలా రోజులు దాన్ని నేను అనుమానం అనే అనుకున్నాను. ఆలోచించే మనిషి లక్షణం అనుకున్నాను. చల్లటి చేతుల్లో ఆక్సీమీటర్ తప్పు చూపించొచ్చన్నది నిజమే కూడా.

తర్వాత ఎప్పుడో నన్ను నేను ఒక ప్రశ్న అడిగాను. అదే రాత్రి, అదే చల్లటి వేలు మీద, ఆ మీటరు 97 చూపించి ఉంటే? మిషన్ పనిచేస్తుందో లేదో చూసేవాణ్నా? నా వేలుకి పెట్టుకునేవాణ్నా? లేదు. హాయిగా పడుకునేవాణ్ని. అంటే నేను మీటరుని అనుమానించలేదు, అది చెప్పిన వార్తని అనుమానించాను. నిజమైన అనుమానం రెండు వైపులా కోస్తుంది. నచ్చని అంకెనే కోసి నచ్చిన అంకెని వదిలేసేది అనుమానం కాదు. భయం. దానికి అనుమానం చొక్కా తొడిగాను.

ఇంకొకటి కూడా తర్వాతే తెలిసింది. 2020 డిసెంబర్‌లోనే అమెరికా వైద్యులు ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు: నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఆక్సీమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఎక్కువ. యంత్రం తయారైంది ఎవరి వేళ్ల మీద పరీక్షించో దాన్నిబట్టి. నాయిన మనిషి నలుపు. మీటరు తప్పు చెప్పి ఉంటే, బహుశా మాకు అనుకూలంగానే తప్పు చెప్పింది. యంత్రాన్ని ప్రశ్నించాల్సిందే. కానీ నేను ఆ రాత్రి వేసిన ప్రశ్న సరైనది కాదు.

* * *

మబ్బులోంచి రన్‌వే మీదకి దిగేటప్పుడు ఒక ఎత్తు ఉంటుంది. మామూలు ఐఎల్ఎస్ పద్ధతిలో అది నేల నుంచి 200 అడుగులు. అక్కడికి వచ్చేసరికి రన్‌వే లైట్లు కనబడాలి. కనబడకపోతే ఇంజన్ పెంచి పైకి లేవాలి. అంతే. 'ఇంకో యాభై అడుగులు దిగి చూద్దాం' లేదు. ఆ అంకెని పైలట్ విమానం దిగేటప్పుడు నిర్ణయించడు. చాలా ముందే, నిమ్మళంగా ఉన్నప్పుడు, బల్ల మీద కాగితం చూసి పక్కనున్న మనిషికి గట్టిగా చదివి వినిపిస్తాడు. ఏ ఎయిర్‌పోర్ట్‌కి మళ్లాలో, దానికెంత ఇంధనం కావాలో, అదీ బయల్దేరకముందే రాసి ఉంటుంది. కొండప్రాంతంలో మబ్బులో ఎగరాలంటే చుట్టూ 8 కిలోమీటర్లలో ఉన్న అతి ఎత్తైన దానికన్నా 2000 అడుగులు పైన ఉండాలి. ఇవన్నీ చూడ్డానికి పొడి లెక్కలు. నిజానికి ఇవి ఒక మనిషి రేపటి తనకి రాసుకున్న ఉత్తరాలు: అప్పుడు నీకు తోచినట్టు చేయాలనిపిస్తుంది, అప్పుడు నువ్వు నువ్వుగా ఉండవు, కాబట్టి ఇప్పుడే చెబుతున్నా.

ఇందులో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. దిగకుండా పైకి లేచినందుకు పైలట్‌ని ఎవరూ తప్పు పట్టకూడదన్నది అక్కడ పాటించాల్సిన మర్యాద. ప్రయాణికులు గొణుగుతారు, ఇంధనం ఖర్చవుతుంది. అయినా కనబడలేదు కాబట్టి లేచాను అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. మన ఇళ్లలో ఆ మర్యాద లేదు. రాత్రి పదింటికి అంబులెన్స్ పిలిచి, తీరా పోయాక "ఏమీ లేదు, ఊరికే భయపడ్డారు" అంటే ఏడాదంతా చుట్టాలు నవ్వుతారు. ఆ నవ్వు కూడా ఆ రాత్రి నా లెక్కలో ఉంది. ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ ఉంది.

తమ్ముణ్ని ఒకసారి సూటిగా అడిగాను. "నాది తప్పేనా?"

వాడు ఓదార్చలేదు. నిందించనూ లేదు. 178 సెకన్ల సంగతి చెప్పాడు. "రానోడు మబ్బుల పడితే అదుపు తప్పుతడన్నా. ఎవ్వడైనా తప్పుతడు. అందులో వాని తప్పు లేదు. మబ్బులకు పోవుడే తప్పు అంటరు."

"నేను పోలేదు గదరా. మబ్బే ఇంట్లోకి వచ్చింది."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాని కాగితం గోడకు ఉండె గదన్నా" అన్నాడు, మెల్లగా.

నేను ఈ రెండు మాటల మధ్యే ఉండిపోయాను. ట్రైనింగ్ లేనివాణ్ని కాబట్టి నాకు క్షమాపణ ఉంది. కాగితం నేనే అంటించాను కాబట్టి లేదు. ఒకటి ఎక్కువ చేసి చూసుకున్న రోజు నిద్ర పడుతుంది, రెండోది ఎక్కువైన రోజు పట్టదు. రెండిటి మీదా కన్ను తిప్పుతూ ఉండటమే ప్రస్తుతానికి చేతనైంది.

ఆ ఇల్లినాయ్ ప్రయోగంలో రెండో భాగం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ ఇరవై మందికీ తర్వాత కొద్ది గంటలపాటు ఒకటే పని నేర్పారు: మబ్బులోకి వెళ్తే మీటర్లు చూసుకుంటూ నెమ్మదిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి రావడం. మళ్లీ పరీక్షిస్తే దాదాపు అన్నిసార్లూ బయటపడ్డారు. వాళ్లని మహా పైలట్లని చేయలేదు. వెనక్కి తిరగడం నేర్పారు.

* * *

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఇంకో కాగితం ఉంది. అమ్మకి బీపీ, షుగర్. ఏ అంకె దాటితే డాక్టర్‌కి ఫోన్, ఏ అంకె దాటితే ఎవర్నీ అడక్కుండా ఆటో ఎక్కడం, రాసి పెట్టాం. అంకెలు డాక్టర్‌ని అడిగి వేసినవి. కింద నేనూ అమ్మా తమ్ముడూ సంతకాలు చేశాం. సంతకం తమ్ముడి ఆలోచన. చివర్లో వాడే ఒక వాక్యం కలిపాడు: పోయినాక ఏమీ లేదని తేలితే ఎవ్వరూ నవ్వొద్దు.

కిందటి నెల ఒక రాత్రి అమ్మ బీపీ ఆ అంకె దాటింది. ఆమె "నేను మంచిగనే ఉన్న నాయినా, గోలి ఏస్కుంట, పొద్దుగాల పోదాం" అంది. మీటరు నా చేతికి కట్టుకుని చూశాను, మామూలుగానే ఉంది. అమ్మకి మళ్లీ కట్టాను, తగ్గలేదు. నాకు ఆమె మాటే నిజమనిపించింది. నిజంగా అనిపించింది. బాగానే కనబడుతోంది కూడా.

ఆటో పిలిచాను. దార్లో అమ్మ అలిగి మాట్లాడలేదు. రెండు గంటలు ఉంచి, మందు మార్చి పంపించేశారు. పెద్దగా ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. అమ్మ చెప్పులు విప్పుతూ, "ఊకెనే పోయినం" అంది.

కాగితం వైపు చూపించాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకుంది.